రెండోసారి పెట్టిన వేలు

ఫోరెన్సిక్ టెక్నాలజీ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు శవాలు కోసే పని కాబోలు అనుకుంది జయశ్రీ. పనిలో చేరిన రెండు నెలలకి, శవాలైనా నయమే అనిపించింది. శవానికి పరువు పోతుందన్న బెంగ లేదు. రేపు పని ఉంటుందో ఊడుతుందో అన్న దిగులు అంతకన్నా లేదు.

జయశ్రీది ఇచ్ఛాపురం పక్కన డొంకూరు. తండ్రి గున్నయ్య సముద్రం మీద వేటకి వెళ్తాడు. తల్లి గంప నెత్తినపెట్టుకుని ఇచ్ఛాపురం వీధుల్లో చేపలమ్ముతుంది. ఆ ఇంట్లోంచి విశాఖపట్నం వెళ్ళి, హాస్టల్లో ఉండి, ఎం.సి.ఏ. ఆఖరి ఏడాదికి వచ్చింది. ఆఖరి ఆరు నెలలూ ఏదో ఒక కంపెనీలో పనిచేసి, బాగా చేసిందని సర్టిఫికెట్ తెస్తే తప్ప డిగ్రీ చేతికివ్వరు. తోటివాళ్ళందరికీ సాఫ్ట్‌వేర్ కంపెనీలు దొరికాయి. జయశ్రీకి మాత్రం ఆడిట్లు చేసి, సలహాలిచ్చి, గంటకింత అని వసూలు చేసే ఒక పెద్ద సంస్థ దొరికింది. అందులో ఫోరెన్సిక్ విభాగం అని నలుగురుండే గది ఒకటి. కంప్యూటర్లో ఎవరైనా ఏదైనా దాచినా, చెరిపినా, దొంగదారి తొక్కినా పట్టుకోవడం వాళ్ళ పని. నచ్చితే ఇక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ మాట ఫోన్‌లో చెప్తే వాళ్ళమ్మ వీధి వీధంతా చెప్పుకుంది.

నిజం చెప్పాలంటే పని జయశ్రీకి నచ్చింది కూడా. ఒక డిస్కుని చెయ్యి తగలకుండా నకలు తియ్యడం, ఆ నకలుకి హ్యాష్ అని ఒక పొడుగాటి అంకె కట్టడం, ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోవడం, అన్నీ ముచ్చటగా ఉండేవి. మనుషులకి పుట్టుమచ్చ ఎలాగో డిస్కుకి ఆ అంకె అలాగ. ఏ వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి ఏ గంటకి వెళ్ళిందో కాగితం మీద సంతకాలతో సహా ఉండాలి. అబద్ధానికి చోటు లేని పని అనుకుంది. పాపం, పిచ్చిది.

రెండువేల ఎనిమిది జూలైలో పలాస పని తగిలింది. వాళ్ళ మేనేజరు మోహనకృష్ణ, హైదరాబాదు మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా, జయశ్రీని పిలిచి, "నువ్వు ఆ వైపు దానివే కదా. వాళ్ళ భాష మాకు సగం అర్థం కాదు. నువ్వూ రా," అన్నాడు. జయశ్రీ రెండేళ్ళు కష్టపడి నాలిక మీంచి తుడిచేసుకున్న భాష అది. దానికి ఇప్పుడు గిరాకీ వచ్చింది.

పలాసలో అదొక జీడిపప్పు ఫ్యాక్టరీ. యజమాని యువరాజు. నందిగాం వైపు భూములున్న కుటుంబం, ఊళ్ళో ఎవరు సర్పంచి కావాలో వీళ్ళింటి వరండాలో తేలుతుంది. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళే రెండొందల పన్నెండు మంది. రెండేళ్ళ కిందట గేటు దగ్గర వేలిముద్ర తీసుకునే హాజరు యంత్రం పెట్టించాడు. వేలు పెడితే పచ్చలైటు వెలిగి హాజరు పడుతుంది. పోల్చుకోలేకపోతే ఎర్రలైటు వెలిగి గీమంటుంది. అంతే సంగతి. ఇప్పుడు ఆ ఆడవాళ్ళు రానివాళ్ళకి కూడా హాజరు వేయించేస్తున్నారని యువరాజుకి అనుమానం వచ్చిందట. అది తేల్చమని ఇంత పెద్ద సంస్థని పిలిచాడు. ఎలకని పట్టడానికి ఏనుగుని అద్దెకి తెచ్చుకున్నట్టు.

ఫ్యాక్టరీ ఆవరణలోనే వీళ్ళకి ఏసీ గది ఇచ్చారు. యంత్రాన్ని సూపర్‌వైజరు రామూర్తి అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. అది తిరిగొచ్చేదాకా హాజరు పుస్తకంలో వేస్తానన్నాడు. జయశ్రీ యంత్రంలోని రెండేళ్ళ లెక్కంతా నకలు తీసింది, అంకె కట్టింది, యంత్రాన్ని సంచిలో పెట్టి సీలు వేసింది. యువరాజు కంప్యూటర్ కూడా నకలు తీసుకున్నారు. రోజూ పదింటికి కాశీబుగ్గ లాడ్జి నుంచి కార్లో రావడం, చీకటి పడకముందే పోవడం. గోడ అవతల షెడ్డులో చెక్కసుత్తుల చప్పుడు పొద్దస్తమానం వినిపించేది. జీడి చమురు ఘాటు ఏసీలోంచి కూడా వచ్చి గొంతులో కూర్చునేది. యువరాజు గంటకోసారి మిరియాలు జల్లి వేయించిన పప్పు పళ్ళేలతో పంపేవాడు. మోహనకృష్ణ స్క్రీను మీంచి కళ్ళు తీయకుండా గుప్పెడేసి నోట్లో వేసుకుని, కాగితం రుమాలుతో ఒక్కొక్క వేలూ శ్రద్ధగా తుడుచుకునేవాడు. మొదటి రెండు రోజులు జయశ్రీ కూడా తింది. తర్వాత ఆ నమిలే చప్పుడు వింటే పళ్ళెం పక్కకి జరిపేసేది. ఎందుకో అప్పటికి ఆమెకి తెలీదు.

ఎనిమిదో రోజు జయశ్రీకి ఒక సంగతి దొరికింది.

పొద్దున్న ఆరూ యాభై రెండు నిమిషాల పది సెకన్లకి నలభై ఏడో నంబరు మనిషికి హాజరు పడింది. సరిగ్గా మూడు సెకన్లకి ఎవరో మళ్ళీ వేలు పెట్టారు. యంత్రం పోల్చుకోలేదు, ఎర్రలైటు. తర్వాత నూటపన్నెండో నంబరు, హాజరు. మూడు సెకన్లకి మళ్ళీ ఎర్రలైటు. తర్వాత ఇంకొకరు, మళ్ళీ అదే. ఏ రోజు తీసినా అంతే. రెండేళ్ళూ అంతే. బాయిలరు దగ్గర పనిచేసే మగవాళ్ళకి లేదు, డ్రైవర్లకి లేదు, ఆఫీసువాళ్ళకి లేదు. పిక్కలు కొట్టే ఆడవాళ్ళకే ఉంది, ఒక హాజరు, వెంటనే ఒక ఎర్రలైటు. రెండు లక్షల పైచిలుకు వరసల్లోంచి జయశ్రీ ఒక్కతే పట్టింది మరి. ఆ సంతోషం చూడాలి! నేను పక్కనుంటే ఒక్క మొట్టికాయ వేసి, "గోడ అవతలికి వెళ్ళి చూడవే," అని ఉందును.

మోహనకృష్ణ స్క్రీను చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా? తన హాజరు వేసుకుని, వెంటనే రాని మనిషి కోసం ఇంకో వేలు పెడుతున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వాళ్ళే బయటపడ్డారు."

"కానీ సర్, రెండోసారి ఒక్కటి కూడా పడలేదు. అన్నీ ఎర్రలైట్లే."

"తాళం తెరుచుకోకపోతే దొంగ దొంగ కాకుండా పోతాడా జయశ్రీ?" అని నవ్వి, "ఇది నీ పని. రిపోర్టులో నీ పేరు వేస్తాను," అన్నాడు.

ఆ పూట జయశ్రీకి అన్నం కూడా సహించలేదు, అంత గర్వం.

మర్నాడు రెండొందల పన్నెండు మంది పేర్లతో ఐదు పేజీల జాబితా అచ్చుతీసి ఇచ్చింది. మోహనకృష్ణ దాన్ని పక్కన పెట్టి, జేబులోంచి వేరే కాగితం తీశాడు. అందులో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి.

"వీళ్ళవి మాత్రం చాలు."

"అందరిదీ ఒకేలా ఉంది కదా సర్?"

"శాంపిల్. క్లయింటు ఎంచుకున్నారు."

ఆ వరస ఎక్కడో చూసినట్టుంది జయశ్రీకి. యువరాజు కంప్యూటర్ నకలులో వెతికితే దొరికింది. అవే పేర్లు, అదే వరస, పైన రామూర్తి టైపు చేసిన శీర్షిక: గ్లౌజులూ, ఆముదమూ అడిగినవాళ్ళు. జీడి చమురు చేతుల చర్మం తినేస్తుంది గనక గ్లౌజులిమ్మని, రాసుకోడానికి ఆముదం ఇమ్మని ఏప్రిల్లో అర్జీ పెట్టుకున్న ఆడవాళ్ళు. అడగ్గానే తీసేస్తే లేబర్ ఆఫీసరు ఊరుకోడు. దొంగతనం రుజువైతే ఎవరూ నోరెత్తరు. అంత తెలిసీ జయశ్రీ ఆ ఫైలు మూసేసింది. చేతిలో సర్టిఫికెట్ లేదు, ఉద్యోగం కాగితం మీద కూడా లేదు, ఇంటి దగ్గర వీధంతా చెప్పుకున్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని సర్దిచెప్పుకుంది. పైగా, తప్పు చేశారు కదా, ముప్పై ఎనిమిది మంది చేసినా తప్పు తప్పే కదా అనుకుంది. మనిషి చదువుకున్నకొద్దీ తనకి తాను చెప్పుకునే అబద్ధాలు కూడా వ్యాకరణం తప్పకుండా వస్తాయి.

పదకొండో రోజు యంత్రం తిరిగి అప్పగించాలి. అప్పగించినట్టు రామూర్తి సంతకం కావాలి, షిఫ్టు మొదలవకముందే అది గేటు దగ్గరుండాలి. ఆ పనికి మేనేజరెందుకు లేస్తాడు? జయశ్రీనే ఆటో ఎక్కి ఆరున్నరకల్లా వెళ్ళింది. రామూర్తి సంతకం పెట్టి, సీలు చింపి, యంత్రాన్ని గేటు లోపలికి తీసుకెళ్ళాడు. ఒక చిన్న పీట లాగి, దానిమీద, నేలకి జానెడెత్తులో, వెల్లకిలా పెట్టాడు.

"గోడకి తగిలించరా?" అంది జయశ్రీ.

"గోడకెట్టీసి ఏటి సేత్తాం మేడమ్? కాలెలాగ అందుతాది?"

జయశ్రీకి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే ఆడవాళ్ళ వరస మొదలైంది. ముందున్నది యాభై ఏళ్ళ బక్కపలచని మనిషి. చెప్పులు పక్కన విడిచింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంది. కాలి బొటనవేలు గోనెముక్క మీద తుడిచి, ఒంటికాలి మీద నిలబడి ఆ వేలు యంత్రం అద్దం మీద ఆన్చింది. పచ్చలైటు. అప్పుడు వంగి, అదే అద్దాన్ని కుడిచేతి వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. ఎర్రలైటు వెలిగింది. యంత్రం గీమంది. ఆమె చెప్పులు తొడుక్కుని లోపలికి పోయింది.

రెండో ఆమె, మూడో ఆమె, నాలుగో ఆమె. పచ్చలైటు, వంగడం, కళ్ళకద్దుకోవడం, ఎర్రలైటు.

మూడు సెకన్లు.

వాళ్ళ నాన్న వల మీద పొరపాటున కాలు పడితే ఏం చేస్తాడో జయశ్రీకి చిన్నప్పట్నుంచీ తెలుసు. పుస్తకానికి కాలు తగిలితే తనేం చేస్తుందో తనకి తెలుసు. నిన్నగాక మొన్న లాడ్జిలో లాప్‌టాప్ సంచికి కాలు తగిలితే తనే వంగి తాకి కళ్ళకద్దుకుంది! అన్నం పెట్టే వస్తువుకి కాలు తగిలిస్తే తప్పని, ఆ తప్పు క్షమించమని, రెండొందల పన్నెండు మంది ఆడవాళ్ళు రెండేళ్ళుగా రోజూ ఒక డబ్బాకి దండం పెట్టుకుంటున్నారు. దాన్ని తను దొంగతనం కింద లెక్కకట్టి, రంగులేసి, పట్టికలు గీసి ఇచ్చింది.

"చేతివేలు ఎందుకు పెట్టరు?" అని రామూర్తిని అడిగింది.

"ఏలుంటే గదా మేడమ్ ఎట్టడానికి! జీడి సమురుకి గీతలన్నీ కొట్టుకుపోనాయి. మిసను తెచ్చిన కొత్తల మూడ్రోజులు ఒక్కర్తికీ హాజరు పడనేదు. అందరికీ ఆబ్సెంటేసీసినాం. అప్పుడు నానే కాలేలు ఎట్టించి సూసినాను. పడిపోనాది!" రామూర్తి గొప్పగా చెప్పుకుంటున్నాడు. "బాబుగారు వొచ్చి సూసి ఒకటే నవ్వు. డాన్సు కట్టినట్టున్నార్రా అని, సెల్లు తోటి వీడియో కూడా తీసినారు."

జయశ్రీ గబగబా గోడవారకి నడిచింది. పొద్దున్న తాగిన టీ అంతా డోకుకుంది. యువరాజు మీద రోత. వీడియో సంగతి చెప్తూ పళ్ళికిలించిన ఈ రామూర్తి మీద రోత. అన్నిటికన్నా, రిపోర్టులో తన పేరుంటుందని అన్నం మానేసినంత సంబరపడిన తన మీద రోత. నోరు కడుక్కున్నా ఆ చేదు పోలేదు.

పదింటికి మోహనకృష్ణ రాగానే చెప్పింది. ఏదీ వదలకుండా చెప్పింది. అతను టై సర్దుకుంటూ చివరిదాకా విన్నాడు. అతను ఆశ్చర్యపోలేదు.

"మీకు ముందే తెలుసా సర్?"

"కాలు సంగతి యువరాజుగారు మొదటిరోజే అన్నారు. రెండోసారి ఎందుకు పెడుతున్నారో నాకు తెలీదు, నువ్వు చెప్తేనే తెలిసింది." పళ్ళెంలోంచి పప్పు తీసుకున్నాడు. "ఇంట్రెస్టింగ్. కానీ మన స్కోపు ఏమిటి? హాజరు పడిన తర్వాత రెండో ప్రయత్నం జరిగిందా లేదా? జరిగింది. చేత్తో చేశారా, కాలితో చేశారా, భక్తితో చేశారా అన్నది క్లయింటు మనల్ని అడగలేదు."

"ముప్పై ఎనిమిది మంది కూడు పోతుంది సర్."

"నువ్వు ట్రైనీవి జయశ్రీ. ఇంకో నెల ఆగితే ఉద్యోగివి. మధ్యాహ్నం వాంగ్మూలాలున్నాయి. వాళ్ళ యాస నువ్వే వినాలి, నువ్వే రాయాలి, సాక్షిగా సంతకం కూడా నీదే. ముఖం కడుక్కుని రా, చూడ్డానికి బాలేదు." అని ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. నమిలే చప్పుడు గదంతా వినిపించింది.

మధ్యాహ్నం రెండింటికి యువరాజు గదిలో కూర్చున్నారు. యువరాజు తన కుర్చీలో, ఎదురుగా మోహనకృష్ణ, పక్కన కలం పట్టుకుని జయశ్రీ. రామూర్తి తలుపు దగ్గర నిలబడి మొదటి మనిషిని పిలిచాడు. పొద్దున్న వరసలో ముందున్న ఆమే. అర్జీలో మొదటి పేరూ ఆమెదే.

"మీ పేరేంటమ్మా?" అన్నాడు మోహనకృష్ణ.

"తవిటమ్మ బాబూ."

"హాజరు పడ్డాక కూడా మెషిన్ మీద మళ్ళీ వేలు పెట్టావా?"

"ఎట్టినాను బాబూ."

"రోజూనా?"

"రోజూ ఎడతాను. మానీసిన రోజు నేదు."

"ఎందుకు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది తవిటమ్మ. "తప్పయిపోనాది గదా బాబూ. తప్పు, తప్పు అనుకొని ఏలెట్టి కళ్ళకద్దుకుంతాను."

"అయితే అది తప్పని నీకు తెలుసు."

"తెలీకేటి బాబూ? తప్పు కాదేటి మరి!"

మోహనకృష్ణ జయశ్రీ వైపు తిరిగాడు. "రాసుకో. హాజరు పడిన తర్వాత కూడా ప్రతిరోజూ రెండోసారి వేలు పెట్టినట్టు, అది తప్పని తెలిసే చేసినట్టు ఒప్పుకుంటున్నాను. అంతే, ఒక్క వాక్యం."

జయశ్రీ రాసింది. అతను కాగితం అందుకుని చదివాడు. 'నా చేతివేళ్ళ గీతలు జీడి చమురుకి పోయినందువల్ల నాచేత కాలి బొటనవేలితో హాజరు వేయిస్తున్నారు. యంత్రానికి కాలు తగిలించినందుకు తప్పయిపోయిందని రోజూ దాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకుంటున్నాను' అని ఉంది అందులో. అతని ముఖంలో నవ్వు పోయింది. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కొత్త కాగితం తీసి తన వాక్యం తనే రాశాడు. రామూర్తి ఇంకుప్యాడు తెచ్చాడు. తవిటమ్మ చెయ్యి పట్టుకుని బొటనవేలు ఇంకులో ముంచి కాగితం మీద నొక్కాడు.

నల్లటి మరక పడింది. ఒక్క గీత లేదు. వేలిముద్ర అంటే నమ్మేటట్టు లేదది, ఇంకు చుక్క ఒలికినట్టుంది.

"సర్, ఇది చెల్లదు," అంది జయశ్రీ.

"జయశ్రీ."

"ఈ వేలికి గీతలు లేవని రెండేళ్ళు హాజరు వెయ్యలేదు. పని చేసినట్టు చెప్పడానికి పనికిరాని వేలు, దొంగతనం ఒప్పుకోడానికి ఎలా పనికొచ్చింది? నేను సంతకం పెట్టను."

యువరాజు మొదటిసారి ఆమెని పరకాయించి చూశాడు. "ఎవలీ గుంట? ఏ ఊరేటి?"

"డొంకూరు," అన్నాడు మోహనకృష్ణ, అదేదో తన తప్పయినట్టు.

"అలాగ సెప్పండి. సేపల గంప దింపీసి కుర్సీల కూకుంతే ఇలాగే ఉంతాది." యువరాజు నవ్వాడు. కోపమన్నా తెచ్చుకోలేదు, దోమ కుట్టినంత కూడా లెక్కలేదు. "రామూర్తీ, నువ్వెట్టీయ్ రా సంతకం."

రామూర్తి పెట్టేశాడు. ఇంతసేపూ తవిటమ్మ తన బొటనవేలి ఇంకు చీర చెంగుకి తుడుచుకుంటూ, వీళ్ళెందుకు దెబ్బలాడుకుంటున్నారో తెలీక ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తూ ఉంది. మోహనకృష్ణ ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, లాడ్జికి వెళ్ళి సామాను సర్దుకోమని, సర్టిఫికెట్ సంగతి కాలేజీతో మాట్లాడతానని జయశ్రీకి చెప్పాడు. మాట్లాడితే ఏం మాట్లాడతాడో ఆమెకి తెలుసు.

ఏసీ గదికి వెళ్ళి సంచి తీసుకుంది. టేబులు మీద మొన్నటి ఐదు పేజీలు అలాగే పడున్నాయి, రెండొందల పన్నెండు పేర్లతో. క్లయింటు కాగితం బయటికి తీసుకెళ్తే ఆ వృత్తిలో మళ్ళీ ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. మొదటివారం నేర్పిన పాఠమే అది. ఆ ఐదు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చేసింది.

గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చుంది. ఐదు దాటాక ఆడవాళ్ళు బయటికొచ్చారు. ముప్పై ఎనిమిది మంది చేతుల్లోనూ ఒక్కో కాగితం ఉంది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని అందులో రాసుందని బడ్డీవాడు చదివి చెప్పాడు. విచారణ ఎలా తేలుతుందో చెప్పడానికి చదువక్కర్లేదు. ఒకామె శాపనార్థాలు పెడుతోంది, ఒకామె ఏడుస్తోంది. కొందరు ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూస్తున్నారు.

జయశ్రీ తవిటమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు గదేటి లోపల నాకోసం మాటాడినావు," అంది తవిటమ్మ. "నీ కడుపు సల్లగుండ. నీకేటి సేసినారు? నీ పని కూడా పోనాదేటి?"

ఆ జాలి చూసి జయశ్రీకి నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఇక్కడే ఊరుకుంటే మంచిదానిగా మిగిలిపోవచ్చు. ఒక్క క్షణం ఊరుకుంది కూడా. తర్వాత, రెండేళ్ళుగా నోట పలకని భాషలో చెప్పింది.

"రెండోపాలి ఏలెడతన్నారని కనిపెట్టింది నానే అప్పా. దొంగతనమని సెప్పింది కూడా నానే."

తవిటమ్మ చెయ్యి చెంగు మీద ఆగిపోయింది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"నువ్వా?"

"నానే. తెలీక సెప్పినాను." సంచిలోంచి ఐదు పేజీలూ తీసింది. "ఇందల రెండొందల పన్నెండు మందీ ఉన్నారు. అందరూ రెండోపాలి ఎట్టినారనే ఉన్నాది. మీ ముప్పై ఎనిమిది మందినే తీసీసినారంతే అర్జీ ఎట్టినందుకే అని తేలిపోతాది. లేబరాఫీసరుకి సూపించండి. ఎవలిచ్చినారంతే నా పేరు సెప్పీయండి."

తవిటమ్మ కాగితాలు అందుకుంది. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. తన గీతలు లేని వేళ్ళతో ఆ అంకెల వరసలు తడిమింది.

"మేమందరం దండమెడతామని తెలడానికి ఇన్ని కాయితాలు కావాలేటమ్మా?"

తవిటమ్మ ఆ కాగితాల్ని జాగ్రత్తగా మడిచి, అన్నం డబ్బా ఉన్న సంచిలో పెట్టుకుంది.

"ఎన్నాళ్ళు సూసినావీ లెక్కలు?"

"పదకొండు రోజులు."

"ఎక్కడ కూకొని?"

జయశ్రీ లోపలికి చెయ్యి చూపించింది. షెడ్డు గోడకి ఆనుకుని ఏసీ గది, గోడలోంచి బయటికొచ్చి నీళ్ళు కారుతున్న ఏసీ డబ్బా ఇక్కడికి కూడా కనిపిస్తున్నాయి.

"ఆ గోడకి ఇటేపే గదమ్మా మేం కూకుంతాం," అంది తవిటమ్మ. గొంతులో తిట్టు లేదు, కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతోంది. "ఓ పాలి ఇటొచ్చి, ఏటే అప్పా, ఎందుకలాగెడతన్నారని అడిగితే సెప్పుదుం గదా?"

తవిటమ్మ సంచి భుజాన వేసుకుని, మిగతావాళ్ళతో కలిసి రోడ్డు దాటి వెళ్ళిపోయింది.